కడుపులో కోట్లమంది

8 జూలై 2025, మంగళవారం

నంద్యాలలో మా ఆయనకు స్కానింగ్ చేయించాం. ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ. యూరిన్‌లో ప్రొటీన్ పోతోందట. కిడ్నీ టెస్టులకు మళ్లీ రక్తం తీశారు. డాక్టరమ్మ మందు అలవాటుందా అని అడిగింది. పెళ్లయిన కొత్తలోనే మానేశానని చెప్పాడు. నేను ఆయన మొహం చూశాను. నేను చూడటం ఆయన చూశాడు.

బస్సులోనే ఆళ్లగడ్డకు తిరిగొచ్చాం. రోజూ తను బస్సు నడిపే రూటే, ఇవాళ ప్యాసింజరు. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఈయన కాలు కదులుతోంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

10 జూలై

చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపం ఇచ్చాను. మా ఆయన లివర్ కోసం అన్నాను. అక్కడితో ఊరుకోవాల్సింది. వీక్లీ ఆఫ్ నాడు ఎవరితో తిరుగుతాడో, ఏం తాగుతాడో నాకేం తెలుసు అని కూడా అన్నాను. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక!

13 జూలై, ఆదివారం

సంఘపెద్ద జకరయ్య మైకు పట్టుకొని, మన యేసుదాసును తాగుడు బంధకాల నుంచి విడిపించు ప్రభువా అని గట్టిగా ప్రార్థించాడు. సంఘమంతా ఆమేన్ అంది. మా ఆయన తలెత్తలేదు. ఆయన చెవులు ఎర్రబడటం స్త్రీల వైపు నుంచి కూడా నాకు కనపడింది. చచ్చిపోవాలనిపించింది.

ఇంటికొచ్చాక ఒక్కమాటే అన్నాడు.

“దినామూ డిపోలో మిషన్లో ఊది బస్సెక్కుతాండా ప్రసన్నా. ఆ మిషన్ నమ్ముతాండాది. నువ్వు నమ్మలేదు.”

అరిచినా బాగుండేది.

14 జూలై

డ్యూటీకి అన్నం బాక్సు తీసుకెళ్లలేదు.

17 జూలై

రిపోర్టులకు నేనొక్కదాన్నే నంద్యాల వెళ్లాను. ఆయన డ్యూటీ అన్నాడు. సిగ్గు విడిచి డాక్టరమ్మను అడిగేశాను, ఇది తాగుడు వల్లేనా అని. ఆమె కళ్లజోడు తీసి నన్ను చూసింది. చుక్క ముట్టనివాళ్లు కూడా ఈ జబ్బుతో చాలామంది వస్తున్నారంది.

మన పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులుంటాయట. మేలు చేసేవీ, కీడు చేసేవీ. చక్కెర టీలు, బోండాలు, కూల్‌డ్రింకులు, వేళాపాళా లేని తిండి, రోజంతా సీట్లో కూర్చోవడం. వీటితో చెడ్డవాటికి బలం వస్తుంది, పేగు గోడ సడలుతుంది. అవి తయారుచేసే విషాలు రక్తంలో పడి ముందు లివర్‌కే చేరతాయి. అక్కడ కొవ్వు, వాపు. ఆ వాపు కిడ్నీల దాకా పాకుతుంది. కిడ్నీ వడగట్టలేని చెత్త మళ్లీ పేగులనే పాడు చేస్తుంది. పరిశోధనలు ఇంకా జరుగుతున్నాయి, అంతా తేలలేదు అని కూడా చెప్పింది. క్రియాటినిన్ కాస్త ఎక్కువుంది. ఇప్పుడే తిండి మారిస్తే కిడ్నీలను నిలబెట్టుకోవచ్చు, అశ్రద్ధ చేస్తే డయాలసిస్ దాకా పోవచ్చు అంది.

నేను అనుమానించాల్సింది టీని. మనిషిని అనుమానించాను. ఇప్పుడు నా మీద కోపంతో మూడు పూటలూ ఆ బస్టాండులోనే తింటున్నాడు. దేవుడా, ఆయన్ని నేనే చంపుకుంటున్నానా?

20 జూలై, ఆదివారం

అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నాడు. చర్చికి రాలేదు. రాత్రికి కొర్రన్నం, బీరకాయ కూర చేశాను, ఉప్పు తగ్గించి. ముట్టలేదు. డాక్టరమ్మ మాటలు చెప్పబోతే, నాకెందుకు, మీ సంఘానికి చెప్పుకోపో అన్నాడు.

27 జూలై, ఆదివారం

చెప్పాను.

సాక్ష్యాల వేళ లేచి మైకు అడిగాను. మా ఆయన తాగడు, తప్పుగా అనుకున్నదీ, తప్పుగా చెప్పిందీ నేనే అన్నాను. ఆ తర్వాత ఇక ఆగలేదు. పేగులు, లివర్, కిడ్నీ, టీలు, బోండాలు అన్నీ చెప్పాను. పాస్టరమ్మ నోరు తెరుచుకొని విన్నది. జకరయ్య తన పొట్ట వైపు చూసుకున్నాడు.

మధ్యాహ్నం జకరయ్య డిపోకే పోయి డ్యూటీలో ఉన్న మా ఆయన చేతులు పట్టుకున్నాడట. క్షమించమన్నాక, స్కానింగ్ యాడ చేయించినావప్పా అని అడిగాడట. ఇదంతా సాయంత్రం మా ఆయనే చెప్పాడు. నాతో! వంటింట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చాను.

28 జూలై

బాక్సు తీసుకెళ్లాడు. కడిగి తెచ్చాడు.

14 అక్టోబరు

ఇద్దరం నంద్యాల వెళ్లాం. ప్రొటీన్ తగ్గింది. క్రియాటినిన్ పెరగలేదు. లివర్‌కు ఇంకా టైం పడుతుందట. పేగు డిపో, లివర్ మొదటి స్టాపు, డిపోలో రౌడీలు చేరితే రూటంతా గొడవే కదా మేడం అని ఈయన ఆమెకే పాఠం చెప్పాడు. ఆమె పకపకా నవ్వింది. నాతో మాత్రం ఇంకా ఆచితూచే మాట్లాడుతున్నాడు. బస్సులో పక్కనే కూర్చున్నా మధ్యలో సంచి పెట్టాడు.

19 అక్టోబరు, ఆదివారం, మధ్యాహ్నం

చర్చి నుంచి వచ్చి, తిని పడుకున్నాడు. మెల్లగా పొట్ట మీద చెవి పెట్టాను. లోపల గురగుర.

కళ్లు తెరవకుండానే అడిగాడు, ఏందీ, తాగినానేమోనని చూస్తాండావా అని.

కాదు, లోపలుండే వాళ్ల కోసం ప్రార్థన చేస్తాండా అన్నాను.

“మెల్లగా చెయ్యి. ఊరికంతా ఇనపడాల్సిన పన్లేదు.”

నా తల మీద చెయ్యి వేశాడు. మెల్లగానే చేశాను.