పఠన మందిరం తలుపుకు అడ్డంగా నిలబెట్టిన పఠన మందిరం బొమ్మ

పురపాలక కమిషనర్ గారికి, మరియు పట్టణ ఆకర్షణ, ప్రతిష్ఠ పెంపు ఉపసంఘం అధ్యక్షుల వారికి
(రెండు పదవులూ తమరివే గనుక ఒకే కాగితం వాడడమైనది.)

వ్రాయునది: కళాశాల వెనక గేటు వీధిలోని పురపాలక పఠన మందిరం సంరక్షకురాలు. సర్వీసు ఇరవై ఆరు సంవత్సరములు.

విషయం: ఊరి అందం నిమిత్తం తమరు నిలబెట్టించిన చెక్క బోర్డు వల్ల పఠన మందిరం తలుపు మూసుకుపోవుట, తలుపులోంచి ఎవరూ రావడం లేదని తమ కార్యాలయమే లెక్క తేల్చుట, ఆ లెక్క చూపి మందిరాన్నే ఎత్తివేయుటకు నోటీసు ఇచ్చుట.

అయ్యా,

మనవి చేసుకొనునది ఏమనగా,

1. మన ఊరికి చదువుకోవడానికి వచ్చే పిల్లలు మూడేళ్ళుగా తగ్గిపోతున్న మాట వాస్తవము. ఎందుకు తగ్గుతున్నారో వాళ్ళనే అడిగితే చెప్తారు. ఆఖరి బస్సు ఆరున్నరకే వెళ్ళిపోతుంది. హాస్టల్లో రెండో అంతస్తుకు నీళ్ళెక్కవు. గదులు అద్దెకిచ్చేవాళ్ళు కన్నవాళ్ళకంటే ఎక్కువ ఆంక్షలు పెడతారు, తిండి మాత్రం పెట్టరు. ఈ సంగతులన్నీ మా మందిరంలో బల్లల మీద పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఇంకా కొన్ని రాసి ఉన్నాయి గాని అవి అర్జీలో రాయదగినవి కావు. తమ ఉపసంఘం వారు పిల్లలను అడగలేదు. ఏడుసార్లు సమావేశమై, ఊరికి అందం చాలలేదని తేల్చారు.

2. తేల్చిన పిమ్మట బస్టాండు దగ్గర 'జ్ఞానం విరబూసే ఊరు' అని స్వాగత ద్వారం వెలసింది. దాని కింద బస్సు పట్టదు. అందుచేత బస్సు పక్క వీధిలోంచి తిరిగి వస్తోంది, ఆ వీధిలో జ్ఞానం ఏమీ రాసి లేదు. రోడ్డు పక్కనున్న రాతి బెంచీలు పీకించి, తెరిచిన పుస్తకం ఆకారంలో సిమెంటు బెంచీలు వేయించారు. అంచున కూర్చుంటే జారతాం, మధ్యలో కూర్చుంటే ఇరుక్కుంటాం. రిటైరైన లెక్కల మాస్టారు మధ్యలో కూర్చుంటే ఇద్దరు పట్టి లేపవలసి వచ్చింది. పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు. అయినా ఇంతవరకు నేను అర్జీ పెట్టలేదు. నవ్వుకుని ఊరుకున్నాను.

3. ఆ తరువాత తమ చూపు మా గోడ మీద పడింది. మా ముందు గోడ పెచ్చులూడిన మాట నిజమే. సున్నం వేయించమని పదకొండేళ్ళుగా ఏటా ఒక కాగితం పంపుతున్నాను, నకళ్ళు జతపరచడమైనది. తమరు సున్నం వేయించలేదు. గోడకు జానెడు దూరంలో, గోడంత పొడవున, గోడంత ఎత్తున చెక్క బోర్డు నిలబెట్టించి దాని మీద బొమ్మ వేయించారు. ఏం బొమ్మయ్యా అంటే, పఠన మందిరం బొమ్మ.

బొమ్మలో మందిరానికి పెచ్చులు లేవు. కిటికీల నిండా పూలు. నలుగురు పిల్లలు పుస్తకాలు పట్టుకుని ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్నారు. ఇరవై ఆరేళ్ళలో పుస్తకం చదువుతూ అలా నవ్వినవాళ్ళను నేను ఇద్దరినే చూశాను, ఇద్దరూ పుస్తకం మధ్యలో పెట్టుకుని ఎవరిదో ఉత్తరం చదువుతున్నారు. బొమ్మ మధ్యలో చక్కటి నీలం తలుపు ఉంది. అసలు పఠన మందిరం తలుపు సరిగ్గా దాని వెనకే ఉంది. తాళం తీసి రెక్కలు లోపలికి లాగితే ఎదురుగా చెక్క.

బోర్డు బిగించిన వడ్రంగి స్వయానా మా మరిది. బిగించిన సాయంత్రం ఇంటికి పిలిచి నిలదీశాను.

"ఏమయ్యా, వెనక తలుపుందని నీకు తెలీదా? చిన్నప్పుడు ఎండాకాలం సెలవలన్నీ ఆ గదిలోనే నిద్రపోయావు కదా!"

"తెలుసొదినా. కానీ వాళ్ళిచ్చిన కాగితంలో బోర్డు కొలతలున్నాయి, తలుపు లేదు. అడిగితే, 'నువ్వు వడ్రంగివా, ఇంజనీరువా?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"వడ్రంగినే అన్నాను."

4. ఆనాటి నుంచి మందిరం పక్క సందులోని కిటికీయే మాకు ద్వారము. దానికి ఊచలు లేకపోవడం మా అదృష్టం. పోయిన ఊచలు వేయించమని కూడా తమకు పంపిన కాగితాలున్నాయి, వాటిని తమరు పట్టించుకోనందుకు ఈ సందర్భంగా కృతజ్ఞతలు. యాభై తొమ్మిదేళ్ళ వయసులో స్టూలు వేసుకుని ఎక్కి దిగుతున్నాను. మొదటిరోజు మధ్యలో చిక్కుకుపోతే, "మేడమ్, ముందు కుడికాలు వేయండి, తల వంచండి," అని ఒక పిల్ల నాకు పాఠం చెప్పింది. పిల్లలకు మాత్రం ఇది మహా సరదాగా ఉంది. ఇదివరకు రోజుకు ఇరవై మంది వస్తే గొప్ప, ఇప్పుడు నలభైకి తగ్గడం లేదు. కిటికీలోంచి దూకే పఠన మందిరం చూడాలని పక్క ఊరి కాలేజీ వాళ్ళు కూడా సైకిళ్ళేసుకుని వస్తున్నారు. ఊరికి ఆకర్షణ అంటూ ఎక్కడైనా పెరిగితే ఇక్కడే పెరిగింది. తమ నివేదికలో రాసుకోవచ్చును.

5. ఇలా ఉండగా, ఏ భవనానికి ఎంత ప్రజాదరణ ఉందో తేల్చడానికి తమ కార్యాలయం నుంచి ఒక లెక్కల మనిషిని పంపారు. చేతిలో నొక్కితే అంకె మారే చిన్న మర. ఆయన బోర్డుకు ఎదురుగా స్టూలు వేసుకుని, బొమ్మ తలుపును చూస్తూ పద్నాలుగు రోజులు కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, మాటకు కట్టుబడినవాడు, అదే వచ్చిన చిక్కు.

"బాబూ, సందులోకి పోయేవాళ్ళు కనబడటం లేదా?" అని అడిగాను.

"కనబడుతున్నారమ్మా. ఇప్పుడే ఆరుగురు పోయారు."

"మరి నొక్కవేం?"

"నా కాగితంలో 'ద్వారము గుండా ప్రవేశించినవారు' అని ఉంది. కిటికీకి గడి లేదు."

"ఆ ద్వారం ఎక్కడుందో చూపించు నాయనా."

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. "బొమ్మలో ఉంది," అన్నాడు.

ఇంతకూ ఆయన కూడా రోజూ పదకొండు గంటలకు కిటికీ ఎక్కి వచ్చి పేపరు చదువుకుని, మంచినీళ్ళు తాగి వెళ్తాడు. తనను కూడా నొక్కుకోలేదు. లెక్క ముగిసిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు గనుక ఇప్పటికీ వస్తున్నాడు.

6. నిన్న తమ నోటీసు అందినది. "పద్నాలుగు దినముల పరిశీలనలో ద్వారము గుండా ప్రవేశించిన పాఠకుల సంఖ్య సున్న. ప్రజాదరణ లేనందున పది దినములలో మందిరమును ఖాళీ చేయించి, ఆ స్థలమున సందర్శకులు ఫోటోలు తీసుకొను విరామ కేంద్రము ఏర్పాటు చేయబడును." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడిని ఇదివరకు చూశాను. తమరు నాలుగో కాలును స్వయంగా కట్టేసి మరీ మూడు లెక్కపెట్టారు.

7. (ఈ అంశము కోపంలో రాసి కొట్టివేయడమైనది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చదవవద్దని మనవి.)

8. ఇక అసలు సంగతి. పై ఆరూ లేకపోయినా ఇది ఒక్కటి చాలు.

మా మందిరానికి తొమ్మిదేళ్ళుగా ఒకావిడ వస్తోంది. కళాశాలలో పదకొండు గదులు ఊడుస్తుంది. వయసు నలభై ఒకటి. పొద్దున ఆరింటికి చీపురు పడితే మధ్యాహ్నం ఒంటిగంటకు దించుతుంది. రెండు నుంచి ఐదు వరకు మా దగ్గర కిటికీ పక్క బల్ల. ఇంట్లో ఉన్నది ఒక్క గది. అందులో అత్తగారి మంచం, భర్త కుట్టుమిషను, వీళ్ళ కాపురం. పుస్తకం తెరిచి పెట్టుకునేంత చోటు లేదు. తాను ఊడ్చే కళాశాల నుంచే ప్రైవేటుగా డిగ్రీ కట్టింది. అన్నీ పాసయి చరిత్ర పేపరు ఒక్కటి మిగిలింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్షకు ఇంకా పంతొమ్మిది రోజులుంది. తప్పితే పాత సిలబసు పోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఆవిడకు ఎడమ మోకాలు వంగదు. కిటికీ ఎక్కలేదు. పిల్లలు ఎత్తి దింపుతామంటే ఒప్పుకోలేదు. "రేపు వాళ్ళ గదే ఊడవాలక్కా, ఏం మొహం పెట్టుకుని ఎత్తించుకోను?" అంది. అందుకని సందులో బక్కెట్టు బోర్లించుకుని కిటికీ బయట కూర్చుంటుంది. చరిత్ర పుస్తకమేమో 'బయటకు తీసుకుపోరాదు' అని ముద్ర ఉన్న పెద్ద పుస్తకం. ఆ ముద్ర వేసింది నేనే. ఇరవై ఆరేళ్ళలో ఎవరికోసమూ దాన్ని మీరలేదు, తమ ముందు కమిషనర్ గారి అల్లుడికి కూడా ఇవ్వలేదు. కాబట్టి పుస్తకాన్ని కిటికీ గట్టు మీద లోపలివైపు పెడతాను, ఆవిడ బయట నుంచి మెడ చాపి చదువుకుంటుంది. పుస్తకం గదిలో, చదివే మనిషి ఎండలో. పేజీ నేను తిప్పుతాను.

ఇలా చదువుతుంటే నిన్న ఆవిడ, "అక్కా, ఈ గది తీసేస్తే బల్ల ఎక్కడ పెడతారు?" అని అడిగింది. తన సంగతి అడగలేదు, బల్ల సంగతి అడిగింది. నేను పేజీ తిప్పేశాను. ఇంకా చదవలేదక్కా అని మళ్ళీ వెనక్కి తిప్పించింది.

మరొక్క మాట. బోర్డు ప్రారంభం నాడు పెద్దలు ఫోటోలు తీసుకుంటుంటే, చీపురు పట్టుకుని అటుగా వస్తున్న ఆవిడను తమ మనుషులు సందులోకి నెట్టి, పెద్దలు వెళ్ళేదాకా కదలవద్దన్నారు. నలభై నిమిషాలు ఆ వంగని కాలి మీదే నిలబడింది. "ఈ ఊళ్ళో ప్రతి పౌరుడూ ఒక విద్యార్థే!" అని తమరు ఉపన్యసించింది అప్పుడే. ఆవిడకు స్పష్టంగా వినబడిందట. బాగా మాట్లాడారని కూడా చెప్పింది. నాకైతే ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

9. కావున తమరు దయయుంచి
(అ) నోటీసును వెనక్కు తీసుకొనవలెను;
(ఆ) బోర్డును కనీసం తలుపు మేరకైనా తొలగించవలెను;
(ఇ) అది కుదరనిచో లెక్కల మనిషి కాగితంలో కిటికీకి ఒక గడి గీయించవలెను; స్కేలు, పెన్సిలు మా దగ్గర ఉన్నవి;
(ఈ) ఇవేవీ తమ చేత కానిచో, పంతొమ్మిది రోజులు ఊరుకొనవలెను. ఊరుకొనుట తమకు కొత్త కాదు. సున్నం విషయంలో పదకొండేళ్ళు ఊరుకున్నారు.

చిత్తగించవలెను. చిత్తమునకు తీరిక లేనిచో కళ్ళతోనైనా ఒకసారి చూడవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (ఇరవై ఆరేళ్ళుగా, ఈ నెలలో కొంచెం తక్కువగా),
పఠన మందిరం సంరక్షకురాలు

తా.క.: ఈ అర్జీ పుచ్చుకోవడానికి తమ కార్యాలయంలో మూడు రోజులు తిప్పారు. అర్జీలు తీసుకునే కిటికీకి అడ్డంగా 'ప్రజలకు చేరువగా' అనే బోర్డు ఉంది, అది జరిపే మనిషి సెలవు పెట్టాడు. ఈలోగా జరిగినది ఒకటి తమకు విన్నవించడం నా విధి.

మూడోరోజు మా మరిది రంపం తీసుకుని వచ్చాడు. "వదినా, నేను ఇంజనీరుని కాను. కానీ ఆ బొమ్మ తలుపుంది చూశావా, కొలతలు మాత్రం సరిగ్గా ఉన్నాయి," అన్నాడు. గీత వెంట మూడు వైపులా కోశాడు. నాలుగో వైపు పాత బీరువా బందులు బిగించాడు. ఇప్పుడు తమరు వేయించిన నీలం తలుపు తెరుచుకుంటుంది. బొమ్మ చెడలేదు. నవ్వుతున్న పిల్లల పళ్ళు ఒక్కటీ పోలేదు. రోడ్డు మీద నుంచి చూస్తే తేడా తెలియదు, దగ్గరికి వస్తేనే తెలుస్తుంది. కాబట్టి తమకు ఇబ్బంది ఉండబోదు.

గడప నిండా రంపపు పొట్టు పడింది. చూడగానే ఆవిడ చీపురు తీసింది. చేతిలోంచి లాక్కుని నేనే ఊడ్చాను. "నువ్వు లోపలికి పోవే," అన్నాను. బక్కెట్టు అక్కడే వదిలేసి, మోకాలు చేత్తో పట్టుకుని, నీలం తలుపులోంచి నడిచి వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది.

ఎదురుగా స్టూలు మీద లెక్కల మనిషి లేచి నిలబడ్డాడు. కాగితం ఒకసారి చదువుకున్నాడు. "ద్వారమే," అని మర నొక్కాడు.

ఒకటి.