ఉరికిన పొట్టేలు

బోధన్, ఆదివారం

చిరంజీవి శైలజకు బాపు దీవెనలు.

అది కాదు బిడ్డా, నిన్ను పంపింది పశువైద్య కాలేజీకా, పోలీసు ట్రైనింగుకా? ఉత్తరం నిండా ప్రశ్నలే. మటన్ మెత్తదనం మీద ప్రాజెక్టట, మన ఇంట్లో కోసిన ఎంతసేపటికి వండుతాం, కోసే ముందు పొట్టేలు ఎట్లుంటుంది? పొట్టేలు క్షేమం అడిగావు, నా మోకాలి సంగతి అడగలేదు. అయినా చెప్తున్నా, అందరం బాగున్నాం. చెరుకు కొట్టడం మొదలైంది. ఫోన్లో అడిగితే నవ్వించి తప్పించుకుంటానని తెలిసే రాసినట్టున్నావు.

నీ మాట ఒకటి మూడుసార్లు చదివాను. ప్రాణం పోయిన సంగతి కండకు వెంటనే తెలియదట. దాచుకున్న సత్తువతో ఇంకా పని చేస్తూనే ఉంటుందట. అది అయిపోయాక కండలోని పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుస్తాయి. ఆగితే లోపలి రసాలే ఆ పట్టు మెల్లగా సడలిస్తాయి. బెదిరి ఉరికిన జీవానికి సత్తువ ముందే ఖర్చవుతుంది, తొందరగా బిగుస్తుంది, అప్పుడే వండితే ముక్క గట్టిగా ఉంటుందట.

మీ ధనలక్ష్మి అత్త పెళ్లి విందు నీకు గుర్తుండదు, అప్పుడు నీకు నాలుగేళ్లు. వండింది మీ అమ్మ. కొత్త పెళ్లికొడుకు దేవిదాస్ ముక్క కొరికి, "అక్కా, గిది మటనా, చెప్పుల అట్టనా?" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే. అప్పటినుంచి చుట్టాలొస్తే మీ అమ్మ మటన్ గరిటె పట్టదు. "నా చెయ్యి మంచిది గాదు" అంటుంది.

ఇక నీ ప్రశ్నకు జవాబు. ఆ విందు పొట్టేలును సరిగ్గా కట్టనిది నేను. అది తప్పించుకుంటే చెరుకు తోటలో గంటసేపు ఉరికించి, పట్టిన చోటే కోయించాను. గంటలోపే పొయ్యి ఎక్కించాను. "ముక్క బిగిసింది, జర ఆగుదమయ్యా" అని మీ అమ్మ అంది కూడా. "చుట్టాలు కూసున్నరు, ఎక్కియ్యి" అన్నాను. పదిహేనేళ్లుగా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నిన్న నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించి, తప్పు నాదే అన్నాను. తను బీడీల చాట మీంచి తల ఎత్తలేదు. చేతిలో బీడీకి దారం చుట్టి, "నాకొక్కదానికి జెప్తే ఏమొస్తది? నవ్వినోళ్లకు జెప్పు" అంది. దేవిదాస్‌నూ అత్తనూ ఇవాళ భోజనానికి తనే పిలిచింది. మాంసం నిన్ననే కోయించి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాం. పొద్దుటి నుంచి గరిటె తన చేతిలోనే ఉంది. నేను చెప్పాల్సిన మాట నాలుగుసార్లు అనుకున్నా, ప్రతిసారీ చివర్లో హాస్యమే వస్తోంది.

వాళ్లు వచ్చేలోపు సంతకం పెట్టేస్తున్నా.

ఇట్లు,
నీ బాపు ఆత్మారాం

బండి ఆగింది. వంటింట్లోంచి మీ అమ్మ పిలుస్తోంది. "ఏమయ్యా, ఆళ్లు కూసున్నరు. నువ్వు మాట జెప్పినాకనే వడ్డిస్త." వెళ్తున్నా బిడ్డా, నవ్వకుండా చెప్పాలి, ముందు తప్పు నాదేనని.