చెక్కల కింద గుడ్డపీలికలు

ఉధ్నా, మే 2020, ఆదివారం రాత్రి

వానలు రాకముందే నా మేడగది నేల చెక్కల కింద ఎలుకలు చేరాయేమో చూడమని ఇంటి యజమాని ఫోన్ చేశాడు. నా రేకుల గది వేడి కిందికి దిగకుండా, కింది గదిలోని మగ్గాల పనివాళ్ళు ఈ చెక్కల సందులో గుడ్డపీలికలు కుక్కారు. లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగి, వాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయి పదిహేను రోజులైంది.

పొద్దున చెక్కలు లేపాను. ఎలుకలు లేవు. పీలికలు అంతటా పలచగా ఉన్నాయి. నేను గ్రంథం ముందు పెట్టుకుని ప్రవచనం చెప్పే మూలలో మాత్రం జానెడు మందం! ఎండ అక్కడే ఎక్కువ పడుతుందా?

ఆ మూల సంగతేమిటని కింది గదిలో ఉండిన రాజయ్యకు ఫోన్ చేశాను. మగ్గాల మోతకు చెవులు మందగించి, అరిచినట్టే మాట్లాడతాడు.

"కోపం చెయ్యకు స్వామీ! రాత్రంత మగ్గం మోత, పొద్దుగాల పండుకుంటె నెత్తిమీద నీ మోత. గందుకే ఆడ జర ఎక్కువ కుక్కినం."

"నాతో చెప్పొచ్చు కదరా!"

"చెప్తె నిద్రపోతుల మీద ఇంకో గంట దంచుతుంటివి!"

నిజమే. నిద్ర పాపమని వాళ్ళమీద ఎన్ని ఉదయాలు నిప్పులు కురిపించాను...

"మళ్ళెప్పుడొస్తారు?"

"ఏమో స్వామీ. కరోన అని ఇంకా మా ఇంట్లకే రానిస్తలేరు."

పీలికలన్నీ ఎండబెట్టి, నా పాత పంచె కూడా చింపి, ఆ మూలలో ఇంకా మందంగా కుక్కి చెక్కలు బిగించాను.

ఇందాక గ్రంథం తెరిచాను. కింద ఎవరూ లేరు. అయినా మెల్లగానే చదివాను.