మొదటి కత్తెర

నాయనా సాయిలూ, ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. కొట్లాటలు లేచిన గడబిడల్లో మిర్యాలగూడకు పోయిన నువ్వు శవమై వచ్చి నేటికి ఏడాది. సూర్యాపేట దుకాణంలో నీ కుట్టుమిషన్ ముందు ఇప్పుడు నీ పెండ్లాం లచ్చమ్మ కూర్చుంటున్నది.

దుకాణం బాగా నడుస్తున్నదని బజారంతా అంటున్నారు. చిరిగిన బట్టలు కుప్పలుగా వస్తున్న మాట నిజమే. కొత్త బట్ట మాత్రం ఇన్నాళ్లూ ఎవరూ ఇవ్వలేదు. మొగుడు పోయిన దాని చేత్తో కోయిస్తే అచ్చిరాదట.

ఈరోజు పెన్‌పహాడ్ నుంచి ఒకామె బిడ్డ పెండ్లికని ఎర్ర రైకగుడ్డ తెచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కుట్టుడు నువ్వే కుట్టు పిల్లా. కత్తెర మాత్రం మీ అత్తతోని పెట్టియ్యి. ఆమె పుస్తెలున్న మనిషి" అని లచ్చమ్మతో అన్నది.

లచ్చమ్మ కత్తెర నా చేతిలో పెట్టింది.

"జర సక్కగ కొయ్యి అత్తా. నువ్వు వంకర కోస్తే తిట్లు నాకే" అన్నది. ఆమె గుడ్డ పట్టుకుంటే నేను కోశాను.

ఇక కొత్త బట్టలు వస్తాయి కొడుకా. కానీ మీ నాయన మంచం పట్టాడు. ఆయన పోతే నా చెయ్యి కూడా పనికిరాదు. ఆయన దగ్గినప్పుడల్లా నాకు ముందు దుకాణమే గుర్తుకొస్తున్నది.