కారు రేడియోకి అయిదు బటన్లు

1968 జూన్ 10, ఆమదాలవలస

కారు వచ్చింది. పాత అంబాసిడరే. బావ విశాఖపట్నంలో దానికి కొత్త రేడియో పెట్టించుకొచ్చాడు. మేనత్త కొడుకు మొగుడైతే ఇదే తంటా, పెళ్లయి ఇన్నేళ్లయినా బావ అనే పిలుపు పోలేదు.

జబ్బు మనిషికి రేడియో ఏమిటని అత్త గొణిగింది. బావకి క్షయ, ఊపిరితిత్తిలో మచ్చ. సూది కోసం రోజూ శ్రీకాకుళం వెళ్లాలి. బస్సులో పోలేకే కారు.

జూన్ 11

రేడియోకి అయిదు బటన్లు. ఏ బటన్‌కి ఏ స్టేషనో మొదట మనమే నేర్పాలట. బటన్ బయటికి లాగి, నాబ్ తిప్పి స్టేషన్ పట్టుకుని, బటన్ గట్టిగా లోపలికి నొక్కాలి. ఇక అది మరిచిపోదు.

మొదటిది విశాఖపట్నం. రెండోది విజయవాడ, కొంచెం గరగర. మూడోది కటక్ కావాలన్నాడు. ఒరిస్సా సరిహద్దు దగ్గర నౌపడలో పెరిగినవాడు, ఒడియా పాటంటే ప్రాణం. పగలు దొరకలేదు.

జూన్ 19

సాయంత్రం కటక్ దొరికింది. పాట స్పష్టంగా వస్తోంది. బావ నాబ్ తిప్పుకుంటూ దాటిపోయాడు. వచ్చింది కదా అన్నాను.

"ఏటీ? ఎక్కడొచ్చిందే?"

వాల్యూమ్ పెంచాడు. ఇంకా పెంచాడు. వీధిలో జనం తిరిగి చూశారు. రైస్ మిల్లు హోరులో బతికిన చెవులు కదా అనుకున్నాను.

జూన్ 20

మిల్లు కాదు. సూదిమందు.

కొందరికి చెవి నరాన్ని దెబ్బతీస్తుందట. ఆపేస్తే ఉన్న వినికిడి మిగలొచ్చు, ప్రాణానికి మాత్రం హామీ ఇవ్వలేనన్నారు డాక్టరు గారు. వేరే మందు ఇదివరకే పడలేదు.

తిరిగొస్తుంటే బావ కారు పక్కకి ఆపాడు. "ఆపేద్దాం కుమారీ. సెవిటోడినై బతికి ఏటి సెయ్యాల?"

"నువ్వుంటే సాలు బావా. సెవులెవుడిక్కావాల?" అని అరిచాను.

ఎంత తేలిగ్గా అన్నాను. చెవులు నావి కావు.

జూన్ 21

సూది వేయించుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు రేడియో పెట్టలేదు.

జూలై 4

కుడిచెవి పోయింది. మిగిలిన బటన్లు ఇవాళే పెట్టేయాలని తొందర. ఎడమచెవి స్పీకరుకి ఆనించి కూర్చున్నాడు, నేను నాబ్ తిప్పాను. నాలుగోది కలకత్తా.

"అయిదోది నీకు నచ్చింది ఎట్టుకో. రేపట్నుంచి ఇనేది నువ్వే గదా."

మళ్లీ విశాఖపట్నమే పెట్టాను. ఇంకేమీ తోచలేదు.

ఆగస్టు 2

కటక్ నొక్కి, పాట వస్తన్నాదా అని అడిగాడు. తల ఊపాను. ఆడగొంతా, మగగొంతా? నా గొంతు మీద చెయ్యి వేసి చూపించాను. కళ్లు మూసుకుని స్టీరింగ్ మీద తాళం వేశాడు.

తాళం కలవలేదు. చేయి పట్టుకుని సరిచేద్దామనుకుని, ఊరుకున్నాను.

నవంబరు 15

ఎక్స్‌రే. మచ్చ ఎండిపోయింది. ఇక సూదులు అక్కర్లేదు. డాక్టరు గారు నవ్వుతూ ఏదో చెబుతుంటే బావ నా ముఖంలోకి చూశాడు. తగ్గిపోయింది బావా, అని పెదవులతో విడివిడిగా చెప్పాను. అప్పుడు ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో తనకు తెలియదు. వరండాలో ఉన్నవాళ్లు ఎవరో పోయారనుకున్నారు.

అత్త అరసవల్లిలో మొక్కు తీర్చుకుంది.

డిసెంబరు 8

వాన. మిల్లు నుంచి వస్తూ కారు ఆపి, ఏదో ఒకటి మాటాడే, నీ నోరు సూస్తాను అన్నాడు. మాట్లాడాను. బియ్యం గురించి, అత్త మోకాళ్ల గురించి. కొంతసేపటికి తెలిసింది, నా గొంతులోంచి ఏమీ రావడం లేదని. ఉత్త పెదవులే కదులుతున్నాయి. బావ తల ఊపుతూనే ఉన్నాడు.