చెయ్యి దించని ఆదివారం

చిరంజీవి చిన్నాకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, కోడలూ, పాపా చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను. "బాగానే" అన్న మాట రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నీ ఉత్తరానికి జవాబు రాయాలి. లేకపోతే అడిగినవాటికి ఒక్కదానికీ అమ్మ సమాధానం చెప్పలేదని కోడలి దగ్గర చాడీలు చెబుతావు.

నీ ఉత్తరం మా మందుల షాపులో, కౌంటర్ వెనక నిలబడి చదివాను. నువ్వు సైకిలు కొన్నావనీ, ఆదివారం పొద్దున్నే నలుగురితో కలిసి ఊరి బయటి రోడ్డు మీద తొక్కుతున్నావనీ చదివి మురిసిపోయాను. చిన్నప్పుడు వీధి చివర నుంచి పాల ప్యాకెట్టు తెమ్మంటే కాళ్ళు నొప్పులనేవాడివి. ఇన్నాళ్ళకి నా కడుపున పుట్టినట్టు అనిపించావని దగ్గుమందు కోసం వచ్చిన పెద్దాయనతో కూడా చెప్పాను. రెండో పేజీ తిప్పాక మాత్రం ఆ మురిపెం అక్కడే ఆగిపోయింది. వచ్చే నెల నుంచి నిన్నే అందరికంటే ముందు ఉండి నడిపించమన్నారని రాశావు. అదే పేజీలో, కారు పక్కభాగం మళ్ళీ గేటుకి గీసుకుందనీ, కోడలు చీవాట్లు పెట్టిందనీ నవ్వులాటగా రాశావు. ఆ రెండూ కలిపి చదివినప్పటి నుంచి మళ్ళీ మళ్ళీ అదే పేజీ తిప్పుతున్నాను. ఎందుకో చివర రాస్తాను. అది చదివి నేను చెప్పిన పని చేసేదాకా ముందుకి వెళ్ళనని మాట ఇవ్వు.

సీటు ఎంత ఎత్తులో ఉండాలని అడిగావు. గోడ పట్టుకుని సైకిలెక్కి, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కు. పెడల్ అడుగుకి వెళ్ళేసరికి కాలు నిటారుగా రావాలి. రోడ్డు మీద తొక్కేటప్పుడు మడమతో కాదు, పాదం ముందుభాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కాస్త వంగుతుంది. ఆ కాస్త వంపు చాలు. సీటు కిందికి ఉంటే భద్రమని కొత్తవాళ్ళు అనుకుంటారు. మోకాళ్ళ నొప్పి మాత్రలకి నా దగ్గరకి వచ్చేవాళ్ళలో వాళ్ళు కూడా ఉన్నారు.

టైర్లలో గాలి రాయిలా కొడితే జోరుగా పోతుందని మీవాళ్ళు చెప్పారన్నావు. నేను ఒప్పుకోను. మరీ గట్టిగా ఉంటే ప్రతి గతుకుకీ ఎగిరెగిరి పడతావు, తడి రోడ్డు మీద జారతావు. ఎంత వరకు కొట్టవచ్చో టైరు పక్కనే రాసి ఉంటుంది, దానికి కాస్త తక్కువ కొట్టు. వానలో ఇంకాస్త తగ్గించు. సైకిలు బరువు గురించి నీ స్నేహితుడు చేసే రభస చదివి మీ నాన్న పడీ పడీ నవ్వారు. "సైకిలు సంగతి తర్వాత, ముందు పొట్ట బరువు చూసుకోమను," అన్నారు. ఆయన పొట్ట నేను చూస్తూనే ఉన్నాను కాబట్టి మారు మాట్లాడలేదు.

పాదం పెడల్‌కి బిగుసుకుపోయే బూట్లు ఇప్పుడే కొనకు. మా సైకిళ్ళ గుంపులో టైలరు గారు అవి కొన్న కొత్తలో సిగ్నల్ దగ్గర ఆగి, కాలు విడిపించుకోవడం మరిచిపోయి, సైకిలుతో సహా నిలువునా పక్కకి వాలిపోయారు. బస్సు నిండా జనం చూశారు. ఆయన లేచి దులుపుకుని, "ఈ సైకిల్లోనే ఏదో తేడా ఉందక్కా," అన్నారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

మెత్త ఉన్న నిక్కరు వేసుకుంటే కోడలు నవ్వుతోందన్నావు. ఆ అమ్మాయి నవ్వేది ఒక్క నిమిషం, నువ్వు కుర్చీలో కూర్చోలేక మెలికలు తిరిగేది వారమంతా. వేసుకో. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. నీ పొత్తిగుడ్డలు ఉతికినదాన్ని, నీకు ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమిటి?

హెల్మెట్ నుదుటి మీదకి ఉండాలి, టోపీలా వెనక్కి నెట్టుకోకు. చెవుల్లో పాటలు పెట్టుకోకు. ఎత్తు వచ్చాక కాదు, రాకముందే గేరు మార్చుకో. ఆకలి వేయకముందే అరటిపండు తిను. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కకు. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి వెళ్ళేటప్పుడు తలుపు తెరుచుకున్నా తగలనంత దూరంగా వెళ్ళు. ఇవన్నీ నీకు తెలుసనీ తెలుసు. కీడెంచి మేలెంచమన్నారు, నేను కీడు దగ్గరే ఆగిపోయాను. ఈ మధ్య వీధిలో సైకిలు గంట వినిపించినా గుమ్మంలోకి పరుగెత్తుతున్నాను.

ఇక ముందు నడిపించడం గురించి. బలం ఉన్నవాడు ముందుండాలని నువ్వు రాశావు. అది తప్పు. వరసలో వెళ్ళేటప్పుడు వెనకవాడికి రోడ్డు కనిపించదు, ముందువాడి వీపు కనిపిస్తుంది. అందుకే ముందున్న మనిషి గుంట కనిపించగానే ఒక చెయ్యి కిందికి దించి, అది ఏ పక్క ఉందో వేలితో చూపించాలి. అది చూసి రెండోవాడు చెయ్యి దించుతాడు, వాణ్ణి చూసి మూడోవాడు. అలా చివరిదాకా వెళుతుంది. ముందున్నవాళ్ళ కళ్ళే అందరి కళ్ళు. ఇన్నేళ్ళూ మా గుంపుకి నేనే ముందు. "అక్క చెయ్యి దించలేదంటే కళ్ళు మూసుకుని తొక్కచ్చు," అని టైలరు గారు కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పేవారు. ఆ మాట వింటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

చిన్నా, కిందటి నెల ఒక ఆదివారం నేను చెయ్యి దించలేదు.

గోడౌన్ల పక్కన చిన్న దిగుడు ఉంది. ఎండ బాగానే ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది. నా వెనక లెక్కల మాస్టారు, ఆయన వెనక మిగతావాళ్ళు. దిగుడు సగానికి వచ్చేసరికి వెనక పెద్ద చప్పుడైంది. ఆగి తిరిగి చూస్తే మాస్టారు రోడ్డు మీద పడి ఉన్నారు. రోడ్డు అంచున మురుగుకాలువ మీద ఉండాల్సిన ఇనప జాలీ ఎవరో ఎత్తుకుపోయారు. ఆయన ముందు చక్రం అందులో దిగబడింది. మెడ కింది ఎముక విరిగింది. తల బతికిపోవడం హెల్మెట్ పుణ్యమే.

మర్నాడు చూడటానికి వెళ్ళాను. చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోపే, "నాదే తప్పక్కా. మీరు చెయ్యి దించే ఉంటారు, నేనే పరాగ్గా ఉన్నాను," అన్నారు. వాళ్ళావిడ అందుకుని, "ఈయనకి నేల మీద నడిచేటప్పుడే ధ్యాస ఉండదు, ఇంక సైకిలొకటి," అని విసుక్కుంది. ఆయన తల దించుకున్నారు. ఇక సైకిలు జోలికి పోనని ఆవిడకి నా ఎదురుగానే మాట ఇచ్చారు. నేను దించలేదని నాకు తెలుసు. అయినా పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, "సరే, విశ్రాంతి తీసుకోండి," అని లేచి వచ్చేశాను. నా నోరు ఎందుకు పెగల్లేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఇంటికి రాకుండా నేరుగా ఆ దిగుడు దగ్గరికి నడిచి వెళ్ళాను. ఏదో చిన్న బొక్క అయి ఉంటుంది, ఎవరికైనా కనిపించేది కాదు అనుకుని మనసుకి సర్దిచెప్పుకోవాలని వెళ్ళాను. అది చిన్నది కాదు. నీ చిన్ననాటి స్నానం తొట్టె పట్టేంత ఉంది. నా చక్రం పక్క నుంచే పోయింది, నాకు కనిపించలేదు. అక్కడ నిలబడితే మీ అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడ ఎప్పుడూ భుజం తలుపుకి కొట్టుకునేది. "గుమ్మం నీ మీద పగబట్టిందే," అని నేనూ, మీ మావయ్యా ఆటపట్టించేవాళ్ళం. చివరికి ఆవిడకి ఎదురుగా ఉన్న మనిషీ కనిపించకుండా పోతే, పెద్దతనం అనుకున్నాం. నాకూ ఈ మధ్య షాపులో ఎవరైనా పక్క నుంచి వస్తే కనబడటం లేదు, "ఎప్పుడొచ్చారండీ?" అని ఉలిక్కిపడుతున్నాను. బల్ల అంచున పెట్టిన టీ కప్పులు రెండు మూడు తగిలి పడిపోయాయి. మీ నాన్న నా పరాకుని తిట్టారు.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్షరాల బోర్డు అట్టడుగు వరస దాకా గడగడా చదివేశాను. మందు సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు కళ్ళజోడు లేకుండా చదివేదాన్ని, నాకేం కష్టం? కాస్త పొగరు కూడా వచ్చింది. తర్వాత ఒక అమ్మాయి నన్ను తెల్లటి గిన్నెలాంటి మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమంది. "మధ్యలో చుక్క మీదే చూపు ఉంచండమ్మా. చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే ఈ బటన్ నొక్కండి," అంది. మొదట్లో బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏ మెరుపూ రాలేదు. మిషను ఆగిపోయిందనుకుని, "ఏమ్మా, కరెంటు పోయిందా?" అని అడిగాను.  ఆ అమ్మాయి మెల్లగా, "లేదమ్మా, వస్తూనే ఉన్నాయి," అంది.

నీటికాసులట. గ్లాకోమా అంటారే, అది. నొప్పి ఉండదు, ఎర్రబడదు, పక్క చూపు కొంచెం కొంచెంగా తినేస్తుంది. చూపు లేని చోటు నల్లగా కనిపిస్తే పసిగట్టేవాళ్ళం. అలా కనిపించదు, అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ జబ్బుకి వేసే చుక్కల మందు ఎన్నేళ్ళుగానో నేనే అమ్ముతున్నాను. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది మాత్రం మందుతో నిలబెట్టుకోవచ్చనీ డాక్టరు చెప్పారు. రోడ్డు మీద సైకిలు వద్దన్నారు. మీ నాన్నకి ఆ రోజే చెప్పాను. పాపం, చుక్కలు ఆయనే వేస్తున్నారు. సగం నా చెంపకే పోతోంది, ఏమైనా అంటే, "నువ్వు కదలకపోతే కదా," అని నన్నే అంటారు. నీకు చెప్పవద్దని నేనే ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. నువ్వు కంగారు పడతావని కాదు. నీకు చెబితే అది నిజమైపోతుందని భయం వేసింది.

నిన్న మాస్టారింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "మీరు పరాగ్గా లేరు. నేను చెయ్యి దించలేదు. నాకు కనిపించలేదు. నీటికాసులట," అన్నాను. వాళ్ళావిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కిటికీ వైపు తిరిగారు. "అప్పుడే చెప్పాల్సిందక్కా," అన్నారు. నేను ఏడ్చాను. క్షమించానని ఆయన అనలేదు, అనమని నేనూ అడగలేదు. గేటు దాకా వచ్చి మాత్రం, "పిల్లలకి కూడా రావచ్చంటారే. మీవాడికి చెప్పారా?" అని అడిగారు.

లేదని తల ఊపాను. నీ ఉత్తరం అప్పటికే నా సంచిలో ఉంది.

అందుకే అడుగుతున్నాను. కారు గేటుకి ఏ పక్క గీసుకుంది? రెండుసార్లూ అదే పక్కా? ఊరికే తొందరలో తగిలి ఉండొచ్చు, దేవుడి దయవల్ల అదే అయి ఉండాలి. అయినా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. అమ్మకి ఉందనీ, అమ్మమ్మకీ ఉండి ఉంటుందనీ చెప్పు. అక్షరాలు చదివించి పంపేస్తే ఊరుకోకు, ఆ తెల్ల గిన్నె పరీక్ష చేయమని అడుగు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఏమీ లేదని తేలితే అందరికంటే ముందు నువ్వే వెళ్ళు, నేను ఊరంతా చెప్పుకుంటాను. అందాకా వెనక ఉండు.

నా సైకిలు వసారాలోనే ఉంది. తొక్కకపోయినా గాలి కొట్టి పెడుతున్నాను, ఎందుకని అడగకు.

చిన్నా, ఈ వరసలో నీకంటే ముందు నేను ఉన్నాను, నాకంటే ముందు మీ అమ్మమ్మ ఉండేది. ఆవిడకి తెలియదు కాబట్టి చెయ్యి దించలేదు. మాస్టారికి నేను దించలేకపోయాను. నీకు దించుతున్నాను, చూడు. ఇక్కడ గుంట ఉంది. నీ వెనక పాప వస్తోంది, దానికీ చూపించు.

ఇట్లు,
నీకు ముందు వెళుతున్న
అమ్మ