సూర్యుడి కంటే నేనే నయం

మార్చి 4
పాఠ్యపుస్తకం ఎడిటర్ ఫోన్ చేశాడు. సూర్యుడి పాఠంలో నేను రాసిన ఫ్యూజన్, అదే కేంద్రకాలు అతుక్కోవడం, పిల్లలకు బరువట. 'భగభగ మండే నిప్పుల ముద్ద' అంటే సరిపోతుందట. మండటానికి అదేమన్నా బొగ్గుల కుంపటా అన్నాను. రిటైరయ్యారు గానీ మీ నోరు రిటైర్ కాలేదు టీచర్‌గారూ అన్నాడు. నా దగ్గర చదివినవాడే. అప్పట్లో మార్కులు ఎక్కువేశాను.

మార్చి 6
మనవరాలికి నెలలు నిండకుండానే కాన్పు. ఆడపిల్ల. నా అరచేతిలో పట్టేంత ఉంది.

మార్చి 7, ఉదయం
ఇంక్యుబేటర్ గాజు పెట్టెలోంచి తీస్తే పిల్ల చల్లబడిపోతోంది. ఎవరో ఒకరు ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద పెట్టుకుని కూర్చోవాలట. తల్లికీ తండ్రికీ జ్వరం. మిగిలింది నేను. ఈ వారంలో కుదుటపడకపోతే కష్టమేనని డాక్టర్ మెల్లగా చెప్పింది. వేడి ఎక్కడిదైనా వేడే కదా, పెట్టెలోనే ఇంకాస్త పెంచమన్నాను. నర్సు జాకెట్టు హుక్కులు విప్పమని తెర లాగింది. నా ఫిజిక్స్ అక్కడితో సరి.

మార్చి 8
నిన్నంతా లాభం లేకపోయింది. భయమేసి పిల్ల వీపు రుద్దాను. నర్సు నా చెయ్యి పట్టుకుంది.
"మామ్మగారూ, మీరేం చెయ్యొద్దు. ఊరికే కూర్చోండి."
నా జన్మలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు.
పక్క వార్డు నుంచి మనవరాలు ఫోన్ చేసి ఏడ్చింది. ముసలి ఒళ్లు, నీకు మాత్రం వేడెక్కడుంది అమ్మమ్మా అని.
"కిలోకి కిలో తూచి చూడు, సూర్యుడి కంటే నా ఒంట్లోనే ఎక్కువ పుడుతుంది."
అబద్ధం కాదు. సూర్యుడుగారు అంత పెద్ద శాల్తీ కాబట్టి మనకు ఎండ. లోపల హైడ్రోజన్ కేంద్రకాలు గుద్దుకుంటూనే ఉంటాయి, దాదాపు అన్నీ ఎవరి దారిన అవి పోతాయి. ఎప్పుడో ఒక జత అతుక్కుంటుంది, కాస్త వేడి వదులుతుంది. అన్నీ ఎగబడి అతుక్కుంటే ఆయన ఏనాడో అయిపోయేవాడు. ఆ తాత్సారం మీదే అందరం బతుకుతున్నాం.
ఇదంతా చెప్పాను. ఇప్పుడు కూడా క్లాసేనా అంది. ఏడుపు మాత్రం ఆపింది.

మార్చి 9
కూర్చున్నాను.

మార్చి 11
థర్మామీటర్ కాస్త పైకి కదిలింది. నర్సు నాకు కాఫీ తెచ్చింది. ఎడిటర్ మళ్లీ ఫోన్. నిప్పుల ముద్ద కుదరదన్నాను, గుసగుసగా. మీకు గుసగుస కూడా వచ్చా అని జడుసుకుని, పాఠం ఉన్నదున్నట్టు వేస్తానన్నాడు.

మార్చి 15
మనవరాలికి జ్వరం తగ్గింది. ఇక పెట్టె అక్కర్లేదు, తల్లి చాలు అంది డాక్టర్. పిల్లను అందించాను.
గుండెల మీద ఆ కాస్త చోటే చలేస్తోంది.